ఎడమ చేతి అర అంగుళం

తాడు చివర కట్టిన అయస్కాంతాన్ని నేల మీద మెల్లగా ఈడ్చుకుంటూ పెద్దకోడలు కటింగ్ బల్ల కిందికి దూరింది. టిక్కుమని ఒక గుండుసూది అంటుకుంది. కాస్త ముందుకి జరిపితే మరో రెండు. పాకే పిల్లా, కుట్టుపనీ ఒకే గదిలో ఉన్న ఇల్లది. రోజూ పొద్దున్నే తోడికోడలి పిల్ల నిద్ర లేవకముందే ఎవరో ఒకరు నేలంతా గాలించి తీరాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ తనే. ఎవరూ చెప్పలేదు, తనే నెత్తిన వేసుకుంది.

ఇవాళ మాత్రం ఆమె కళ్లు సూదుల మీద లేవు. బల్ల కింద నుంచి చూస్తే ఇంట్లోవాళ్ల కాళ్లే కనిపిస్తాయి. బల్లకి అవతల ఆమె భర్త కాళ్లు. కత్తెర నడిచినప్పుడల్లా కుడి మడమ కొద్దిగా లేస్తోంది. గుమ్మం దగ్గర మరిది కాళ్లు, ఒకదాని మీద ఒకటి వేసుకుని, ఏ చింతా లేనట్టు. కిటికీ కింద పీట మీద అత్తగారి పాదాలు, చీలమండల దాకా వాచినవి. గోడవార తోడికోడలి కాళ్లు, మెట్టెలు మెరుస్తూ.

ఈ నాలుగు జతల కాళ్లలో ఒక జత తన ఇంటి గుట్టు మోసుకెళ్లి బయట పెట్టింది. ఏ జతో తెలియక వారం రోజులుగా ఆమెకి అన్నం సహించడం లేదు.

ఆమె భర్త వైపు వాళ్లది వానకోట్లు కుట్టే ఇల్లు. బడికెళ్లే పిల్లల కోట్లు మాత్రమే కుడతారు. అమ్మేది ఫోన్లో ఉండే పెద్ద దుకాణంలో. దాని అసలు పేరు వేరే ఏదో ఉంది గాని వీధిలో అందరూ దాన్ని పెద్దంగడి అంటారు. ఊళ్లో కొట్లు ఒక్కొక్కటే తలుపులు వేసుకున్నాక కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ ఆ గుమ్మమే దిక్కయింది. అక్కడ ఎవరి సరుకు ముందు కనిపించాలో పెద్దంగడే చెబుతుంది. ఎవరి సరుకు ఎక్కడో అడుగున పడాలో కూడా అదే చెబుతుంది. కిందటేడు నుంచి సొంతంగా సరుకు తయారుచేయించి అదే వరసలో, అందరికన్నా ముందు పెట్టుకుంటోంది. ‘కొలతా వాడిదే, కత్తెరా వాడిదే, గుడ్డ మాత్రం మనది’ అని మరిది వేళాకోళమాడుతూ ఉంటాడు. వేళాకోళమైతే బాగానే ఉండేది. ఒకప్పుడు పిల్లల వానకోటు అని కొడితే మొదటి వరసలో కనబడే వాళ్ల కోటు ఇప్పుడు బొటనవేలు నొప్పెట్టేదాకా తోసుకుంటూ పోతే గాని రావడం లేదు.

ఆ మొదటి వరసలోకి ఎవరొచ్చారో చూద్దామనే కిందటి సోమవారం పెద్దకోడలు పెద్దంగడి సొంత సరుకులోంచి ఒక కోటు తెప్పించింది. పార్సిల్ విప్పి బల్ల మీద పరిచింది. అదే టోపీ. జేబు మీద అదే మూత. అంతవరకు ఆశ్చర్యం లేదు, చూసి కుట్టిన కోటు ఎక్కడైనా ఉంటుంది. అలవాటు కొద్దీ రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి వేసి చూసింది. ఎడమ చెయ్యి అర అంగుళం పొడుగు. టేపు పెట్టి మూడుసార్లు కొలిచి అక్కడే కూలబడిపోయింది.

ఎందుకంటే ఆ అర అంగుళం వాళ్ల కోటులో లేదు. వాళ్ల కాగితంలో ఉంది.

అత్తగారు పాతికేళ్ల కిందట గోధుమరంగు మందపు కాగితం మీద గీసిన కటింగ్ కాగితాలవి. మేకుకి తగిలించి ఉంటాయి. ఒకే కాగితాన్ని తిరగేసి రెండు చేతులూ కోసుకోవచ్చని ఆవిడ నమ్మలేదు. కుడికొకటీ, ఎడమకొకటీ వేరువేరుగా గీసింది. ఎడమది మణికట్టు దగ్గర అర అంగుళం జారింది. మొదటి కోటు కుట్టగానే తప్పు బయటపడింది. ‘దానికోసం మరో కాగితం తగలెయ్యడం ఎందుకు, కోసేటప్పుడు తగ్గించుకుంటే పోలా’ అందావిడ. అంతే, అది ఆ ఇంటి పద్ధతి అయిపోయింది. పాతికేళ్లుగా ఎడమ చెయ్యి గీత మీద కాక, గీతకి అర అంగుళం లోపల కోస్తారు. బజార్లో వాళ్ల కోటు కొని, విప్పి, చూసి కుట్టినవాడికి రెండు చేతులూ సమానంగా వస్తాయి. కాగితం చూసినవాడికే ఎడమది పొడుగు వస్తుంది.

పెద్దకోడలు పెట్టిన ఫిర్యాదు చూసి శనివారం నాడు విచారణాధికారిణి ఇంటికొచ్చింది. పెద్దంగడిలాంటి దుకాణాలు తమ బలం చూసుకుని చిన్న అమ్మకందారుల్ని తొక్కుతున్నాయా అని తేల్చడానికి ప్రభుత్వం వేసిన సంఘంలో ఆవిడ పనిచేస్తుంది. పొట్టి మనిషి, గుడ్డసంచిలో ఫైళ్లు, మాట మెత్తన. టీ ఇస్తే వద్దని మంచినీళ్లు తాగింది. పెద్దంగడి కోటు రెండు చేతులూ తానే కొలిచి చూసుకుంది. విచారణ పత్రాల్లో ఈ ఇంటికి పేరుండదని, ‘మూడో ఫిర్యాదుదారు’ అని మాత్రమే ఉంటుందని చెప్పింది. పక్కవీధిలో సంచులు కుట్టే ఆయన రెండో ఫిర్యాదుదారు. వారం తిరక్కుండానే ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. ఇప్పుడు పెద్దకోడలు ఎదురుపడితే చెప్పులు చూసుకుంటూ వెళ్లిపోతాడు.

వెళ్లేముందు అధికారిణి గుమ్మంలో ఆగి అసలు మాట చెప్పింది.

“అమ్మకందారుల కాగితం ఒక్కటి కూడా తమ సరుకు తయారుచేసేవాళ్ల కంట పడలేదని పెద్దంగడివాళ్లు ప్రమాణం చేసి రాసిచ్చారమ్మా. మీ ఊహలు నాకు పనికిరావు. ఆ కాగితం కావాలి. అది ఇక్కణ్ణుంచి అక్కడికి ఎలా వెళ్లిందో తన నోటితో చెప్పే మనిషి కావాలి. మంగళవారం పదకొండు లోపల. తర్వాత నేనే తలుపు తెరుద్దామన్నా తెరుచుకోదు.”

ఇవాళే మంగళవారం. గోడ గడియారంలో తొమ్మిదిన్నర.

అయస్కాంతానికి అంటుకున్న సూదుల్ని డబ్బాలోకి దులిపి, పెద్దకోడలు బల్ల కింద నుంచి బయటికొచ్చింది. డబ్బాని బల్ల అంచున పెట్టి చీర చెంగు దోపుకుని మరిది ఎదురుగా నిలబడింది. మూడు రోజులుగా ఆమె లెక్క ఒక్కటే చెబుతోంది. కటింగ్ తెలిసినవాళ్లెవరూ ఆ కాగితాన్ని ఉన్నదున్నట్టు పంపరు. అర అంగుళం సంగతి చెప్పి పంపుతారు, లేదా సరిచేసి పంపుతారు. చెప్పకుండా పంపారంటే ఆ మనిషి కత్తెర పట్టని మనిషి. ఈ ఇంట్లో కత్తెర పట్టని పెద్దమనిషి ఒక్క మరిదే. పైగా అతను పనిచేసేది పెద్దంగడి గోదాంలో.

“నీకు కుర్చీ ఉద్యోగం ఎప్పుడిచ్చారు?” అంది.

“మూడు నెలలైంది వదినా. చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది నువ్వే కదా.”

“ఎందుకిచ్చారు?”

“నడుం పట్టేసిందని.”

“నడుం పట్టేసినవాళ్లందరికీ అక్కడ కుర్చీలు వేస్తారా?”

మరిది టీగ్లాసు గడప మీద పెట్టాడు. ముఖంలో నవ్వు చెరగలేదు గాని కళ్లలో కాస్త తగ్గింది. తోడికోడలు ప్లాస్టిక్ సంచులు మడత పెడుతున్నదల్లా చేతులాపింది. కత్తెర చప్పుడు మాత్రం ఆగలేదు.

“ఈ డొంకతిరుగుడు నీకు రాదు వదినా, సూటిగా అడుగు. కాగితం నేనిచ్చానా అని. అంతేగా?”

“ఇచ్చావా?”

అతను తల్లివైపు తిరిగి, “అమ్మా, బడిలో నా పేరేమిటో చెప్పు మీ పెద్దకోడలికి” అన్నాడు.

అత్తగారు కోటు టోపీలోకి పిన్నీసుతో ఎలాస్టిక్ ఎక్కిస్తోంది. తలెత్తకుండానే, “పొడుగుచెయ్యి” అంది.

తప్పుగా కుట్టిన ఆ మొదటి కోటు పారేయడానికి మనసొప్పక చిన్నకొడుక్కే తొడిగిందట ఆవిడ. కుడి చెయ్యి మణికట్టు దగ్గరా, ఎడమ చెయ్యి వేళ్ల మీదా. పిల్లలు ఊరుకుంటారా. నాలుగో తరగతిలో పెట్టిన పేరు ఏడో తరగతి దాకా వెంట తిరిగింది. హాజరు పిలిచేటప్పుడు పంతులమ్మ కూడా ఒకసారి నోరుజారి అలాగే పిలిచిందట. ఇదంతా మరిది చెబుతుంటే అతని పెళ్లాం సంచుల్లో మొహం దాచుకుని నవ్వింది. ఆ ఉదయం ఆ ఇంట్లో ఎవరైనా మనసారా నవ్వడం అదే మొదలు, అదే చివర.

“నేను దొంగతనం చేసినా సరే,” అన్నాడు మరిది, “ఆ చెయ్యి మాత్రం సరిచేసే పంపేవాణ్ణి వదినా. ఇంకో పిల్లాడికి ఆ పేరు రానిస్తానా?”

పెద్దకోడలికి తప్పు మనిషిని నిలదీశానన్న సిగ్గు ఒకపక్క. ఇంకోపక్క, ఇన్నాళ్లూ పేర్చుకున్న లెక్క కింద నుంచి ఒక ఇటుక జారినట్టయింది. ఇతను కాకపోతే ఎవరు? తన పెళ్లయి వచ్చిన రోజే తనకా తేడా కనిపించింది, అత్తగారిని అడిగింది కూడా. తోడికోడలు వచ్చిన వారంలోనే అడిగింది. కొత్తగా చూసినవాళ్లకి ఆ తప్పు కంట్లో పడుతుంది. దెబ్బ తిన్నవాడికి జన్మలో మరుపు రాదు. మరి ఎవరికి కనిపించకుండా పోతుంది?

“మా ఆయన్ని అడిగారు, బాగానే ఉంది” అంది తోడికోడలు. గొంతు పెంచలేదు, కానీ మడతపెట్టిన సంచిని మళ్లీ విప్పి మళ్లీ మడత పెడుతోంది. “నన్నూ అడిగేవాళ్లే కదా తర్వాత? అడక్కముందే చెబుతున్నానక్కా. ఫోన్లో ఫొటోలు పెట్టేది నేనే, కాదనను. కోట్ల ఫొటోలు పెట్టాను. కాగితాలు తాకలేదు.”

“నిన్ననలేదమ్మా.”

“అనలేదు. చూశారు.”

అది నిజమే. పెద్దకోడలు తలదించుకుంది. తోడికోడలు ఈసారి కొంచెం మెత్తబడి, గోడవైపు చూస్తూ అంది.

“నాకొక్కటే అర్థం కాలేదక్కా. పెద్దంగడి ఇచ్చే ఆ గుర్తు కావాలంటే కాగితాల ఫొటోలు పంపాలిగా? సంచుల ఆయన భార్య చెప్పింది, వాళ్లూ పంపారట. అవి లేకుండా ఫారం ముందుకే పోదట. మనకి గుర్తొచ్చినప్పుడు నేను పాప పురుటికి పుట్టింట్లో ఉన్నాను. మీరు వద్దన్నారని విన్నానే, ఎలా వచ్చిందా అనుకున్నాను. తర్వాత మీకు తెలిసే చేశారనుకుని ఊరుకున్నాను.”

గది ఒక్కసారి చిన్నదైపోయినట్టనిపించింది పెద్దకోడలికి.

గోడ మీద, కటింగ్ కాగితాల మేకుకి జానెడు దూరంలో, ఆ గుర్తు పత్రం పటం కట్టించి ఉంది. బంగారు రంగు గుండ్రంలో ‘నమ్మకమైన చేతిపని’ అని అక్షరాలు. పెద్దంగడి ఇచ్చింది. అది ఉన్నవాళ్ల సరుకు ముందు కనిపిస్తుందన్నారు, లేనివాళ్లది వెనక్కి పోతుందన్నారు. కిందటేడు వానలకి ముందు, గుర్తు కావాలంటే కటింగ్ కాగితాలు పరిశీలనకి పంపమని అడిగారు. ‘ఆ కాగితాలు గోడ దిగవు’ అని తెగేసి చెప్పింది ఆమె. రెండు నెలలకి గుర్తు దానంతటదే వచ్చింది. ఎలా వచ్చిందని అడిగితే భర్త, ‘నీ కుట్టు చూసి ఇచ్చుంటారులే’ అన్నాడు.

నమ్మింది. నమ్మడమే కాదు, మురిసిపోయింది. పటం కట్టించి తెచ్చింది తనే. మేకు కొట్టింది తనే. ఎవరొచ్చినా ఆ పటం కిందే కూర్చోబెట్టేది. అంగుళానికి పన్నెండు కుట్లు తప్పకుండా వేసే తన చేతికి ఎక్కడో ఎవరో తెలియని పెద్దమనుషులు గుర్తింపునిచ్చారని, కుట్టేటప్పుడు తలెత్తి దానివైపు చూసుకునేది.

ఆమె భర్తవైపు తిరిగింది.

ఇంత రభస జరుగుతున్నా అతను ఒక్క మాటా మాట్లాడలేదు. అది కొత్తేం కాదు, మామూలుగానే అతను మితభాషి. బల్ల మీద నీలం రంగు వానగుడ్డ నాలుగు పొరలుగా పరిచి ఉంది. పొద్దున తనే కాగితాలు పెట్టి, వాటి అంచు వెంబడి సుద్దతో గీత గీశాడు. కాగితాలు తీసి మేకుకి తగిలించాడు. ఇప్పుడు కత్తెర ఎడమ చేతి ముక్క మీద నడుస్తోంది. అతని చూపు గుడ్డ మీద లేదు, కిటికీలోంచి ఎటో పోతోంది. కత్తెర మాత్రం చంక దగ్గర నుంచి సుద్దగీత వెంటే సాఫీగా వచ్చింది. మోచెయ్యి దాటింది. మణికట్టు దగ్గరికొచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే గీత వదిలేసి, అర అంగుళం లోపలికి తిరిగి, నేరుగా కోసుకుంటూ పోయింది.

అతను ఆగలేదు, చూడలేదు, గీత వదిలానన్న ధ్యాస కూడా అతనికి లేదు.

పెద్దకోడలికి అప్పుడర్థమైంది. తన లెక్క తలకిందులుగా ఉంది. ఆ కాగితం పంపింది కత్తెర తెలియని మనిషి కాదు. కత్తెర మరీ తెలిసిన మనిషి. పాతికేళ్లుగా ఆ తప్పుని చేత్తోనే దిద్దుకుంటూ వచ్చినవాడికి, కాగితం మీద తప్పుందన్న సంగతే బుర్రలోంచి జారిపోయింది. ఈ లోకంలో ఆ అర అంగుళం కనిపించని మనిషి ఒక్కడే ఉన్నాడు. అతనితోనే తాను పన్నెండేళ్లుగా కాపురం చేస్తోంది.

“ఏమండీ,” అంది, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “ఆ చెయ్యి గీత మీద కొయ్యలేదేం?”

“కోశానే” అన్నాడతను.

“ఒకసారి చూడండి.”

అతను కిందికి చూశాడు. తెల్లటి సుద్దగీత, దానికి లోపలగా తను కోసిన అంచు. రెండింటి మధ్య వేలెడు వెడల్పయినా లేని నీలం గుడ్డ. చాలాసేపు దాన్నే చూశాడు. ముందు అర్థం కానట్టు, తర్వాత అర్థమైనట్టు, ఆ తర్వాత అందులోంచి చూపు తిప్పుకోలేనట్టు. కత్తెర బల్ల మీద పెట్టేశాడు. నోరు తెరుచుకుని ఉన్న కత్తెరని అతను బల్ల మీద పెట్టడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

తర్వాత చెప్పాడు. నీళ్లు నములుతూ, ముక్కలు ముక్కలుగా. వానలు వస్తున్నాయి, కుట్టిన కోట్లు గుట్టగా ఉన్నాయి, గుర్తు లేనివాళ్లవి ఎవరి కంటా పడటం లేదు. పెద్దంగడి నుంచి అమ్మకందారులతో మాట్లాడే అమ్మాయి, ఇంట్లో అందరూ తేనెగొంతు అని పేరు పెట్టిన అమ్మాయి, మూడుసార్లు ఫోన్ చేసింది. కాగితాలు పరిశీలన అయ్యేదాకా భద్రంగా ఉంటాయని, వేరే ఏ పనికీ వాడమని చెప్పింది. ఫారంలో కూడా అలాగే రాసుంది. పెద్దకోడలు రేషన్ కోసం వెళ్లిన ఒక మధ్యాహ్నం కాగితాలు బల్ల మీద పరిచి ఫొటోలు తీసి పంపాడు. ఆమెకి చెబితే గొడవ, చెప్పకపోతే గుర్తొస్తుంది, అందరూ సుఖంగా ఉంటారు. అంతవరకే ఆలోచించాడు.

వింటుంటే పెద్దకోడలికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకే ఇంకో ఆలోచన తోసుకొచ్చింది. వేరే ఏ పనికీ వాడమని ఫారంలోనే రాసుందా? అయితే పెద్దంగడి ప్రమాణం చేసి చెప్పింది పచ్చి అబద్ధం. అధికారిణి అడిగిన మనిషి దొరికాడు. ఎక్కడో కాదు, బల్లకి అవతలే నిలబడి ఉన్నాడు. ఇప్పుడే బయల్దేరితే ఇంకా టైముంది. ఆ మాటే అంది. మిమ్మల్ని తప్పు పట్టడానికి తర్వాత బోలెడు తీరిక ఉంది, ముందు చొక్కా మార్చుకోండి, ఇద్దరం వెళ్దాం అంది.

అతను కదల్లేదు.

“ఫారంలో ఇంకో గడి ఉంది” అన్నాడు. “డిజైన్ ఎవరిదని. గీసినవాళ్ల పేరు రాసి వాళ్ల చేత సంతకం పెట్టించాలి. అమ్మ చేత పెట్టిస్తే నీకు తెలుస్తుంది. అందుకని…”

“అందుకని?”

“నాదని రాశాను.”

కిటికీ దగ్గర పిన్నీసు ఆగిపోయింది. అత్తగారు తలెత్తి కొడుకుని చూసింది. పాతికేళ్ల కిందట, భర్త పోయిన ఏడాదే, ఇద్దరు పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకుని ఆ కాగితాలు గీసిన మనిషి. ఆవిడ కోప్పడితే బాగుండుననిపించింది పెద్దకోడలికి.

“పోనీలే” అంది ఆవిడ. “తప్పు కూడా నీ పేరు మీదే పోయింది.”

మళ్లీ తలదించుకుని ఎలాస్టిక్ లాగింది. అది చేతిలోంచి జారి టోపీ లోపలికి పోయింది. ఆవిడ మళ్లీ మొదటి నుంచి ఎక్కించడం మొదలుపెట్టింది.

మరిది గుమ్మంలోంచి లోపలికొచ్చాడు. ఇప్పుడు అతని గొంతులో వేళాకోళం లేదు. ఫారంలో అబద్ధం రాసినవాళ్ల దుకాణం తీసేస్తారని, మళ్లీ ఏ పేరుతో వచ్చినా రానివ్వరని, గోదాంలో అలాంటివాళ్ల సరుకు గుట్టలుగా వెనక్కి పంపడం తాను రోజూ చూస్తున్నానని చెప్పాడు. అన్నయ్య అక్కడికెళ్లి నోరు విప్పితే పెద్దంగడి మొదట పట్టుకునేది ఆ గడినే. సంచుల ఆయన కూడా ఏ గడిలోనో ఏదో రాసుంటాడు. ఊరికే వెనక్కి తగ్గలేదు.

“అంటే నోరు మూసుకోమంటావా?” అంది పెద్దకోడలు.

“అనడం లేదు వదినా. తెలిసి వెళ్లమంటున్నాను.”

బల్ల మీద ఫోన్ వెలిగింది. భర్తది. సుద్దముక్కల పక్కన వెల్లకిలా ఉంది. ఆమె కావాలని చూడలేదు, అక్షరాలు అటు నుంచి తలకిందులుగా ఉన్నాయి. అయినా చదివింది. తేనెగొంతు పంపిన సందేశం.

‘పదకొండింటికి మా ఆఫీసులో ఎదురుచూస్తుంటాను. ఒక్కరే రండి. అసలు కాగితం, గుర్తు పత్రం మర్చిపోకండి.’

దానికి పైన, అంతకుముందు భర్త పంపిన జవాబు ఉంది. ఒక్క మాట. ‘వస్తాను.’ దాని పక్కన వారం, వేళ. శనివారం సాయంత్రం.

శనివారం. అధికారిణి వచ్చివెళ్లిన రోజు. ఆవిడ ఈ పటం కింద కూర్చున్న సంగతి ఈ గదిలో ఉన్నవాళ్లకి తప్ప బయట పురుగుకి కూడా తెలియదు. ఆవిడ కాగితం అడిగింది. అదే పూట ఇతను వాళ్లకి వస్తానన్నాడు, వాళ్లకీ అదే కాగితం కావాలి. ఆవిడ పదకొండంది. వాళ్లూ పదకొండన్నారు.

ఆమె తలెత్తేసరికి భర్త ఆమెనే చూస్తున్నాడు. తాను చదివిన సంగతి అతనికి తెలిసిపోయింది. ఇప్పుడైనా ఏదో ఒకటి చెబుతాడనుకుంది. శనివారం ఏం జరిగిందో, ముందు ఎవరు ఎవరికి ఫోన్ చేశారో, ఆ ‘వస్తాను’ దేనికో. అబద్ధమైనా చెబుతాడేమోనని చూసింది.

అతను ఫోన్ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. గోడ దగ్గరికి నడిచాడు. మేకుకున్న కాగితాల్లోంచి ఎడమ చేతిది ఒక్కటే వెతికి తీశాడు. మెల్లగా, మడత పడకుండా చుట్ట చుట్టాడు. జానెడు పక్కకి జరిగి, గుర్తు పత్రం పటాన్ని కూడా దించాడు. దాని వెనక గోడ చదరంగా, వేరే రంగులో ఉంది. పటాన్ని చంకలో పెట్టుకుని, కాగితం చుట్ట చేత్తో పట్టుకున్నాడు. అధికారిణి దగ్గరికి వెళ్లేవాడికైనా ఆ రెండూ కావాలి. తేనెగొంతు దగ్గరికి వెళ్లేవాడికైనా ఆ రెండే కావాలి.

పెద్దకోడలు వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఎప్పుడూ అలా నిలబడలేదు. తనకి తానే వింతగా అనిపించింది గాని కదల్లేదు.

“ఎక్కడికి వెళ్తున్నారో చెప్పి వెళ్లండి.”

అతను ఆమె ఎదురుగా వచ్చి ఆగాడు.  పెదవులు కదిలినట్టే కదిలాయి. అప్పుడే లోపలి గదిలోంచి నిద్రలేచి మరిది కూతురు పాకుతూ వచ్చింది, నాన్న కాళ్ల కోసం వెతుక్కుంటూ. పిల్లకి తోవిద్దామని ఆమె భర్త పక్కకి జరిగాడు. చంకలో పటం మూల బల్ల అంచుకి తగిలింది. సూదుల డబ్బా బోర్లాపడి, పొద్దుటి నుంచి ఏరిన సూదులన్నీ జలజలా నేలంతా పరుచుకున్నాయి.

“పాప” అన్నారెవరో.

పెద్దకోడలు ఆలోచించలేదు. గుమ్మం వదిలి ఒక్క అంగలో వెళ్లి, పిల్ల అరచెయ్యి నేల మీద ఆనబోతుండగా రెండు చంకల కిందా చేతులు వేసి పైకి ఎత్తేసింది. పిల్ల కెవ్వుమని, వెంటనే ఊరుకుని, ఆమె మెడలో తాడు పట్టుకుంది. దాని అరచేతులు రెండూ విప్పి చూసింది పెద్దకోడలు. ఎక్కడా గుచ్చుకోలేదు.

వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. తొందరపడుతున్న చప్పుడు కాదు. రోజూ దారం రీళ్లు కొనుక్కురావడానికి వెళ్లే మనిషి చెప్పుల చప్పుడే. పీట మీద నుంచి అత్తగారు, “ఎక్కడికిరా?” అని అడిగింది.  మెట్టు దిగిన చప్పుడు, గేటు గొళ్లెం చప్పుడు.

సూదుల మధ్య ఖాళీ చూసుకుని ఒక్కొక్క అడుగే వేసుకుంటూ, పిల్లని ఎత్తుకుని పెద్దకోడలు గుమ్మంలోకి వచ్చింది. వీధి చివర దారి రెండుగా చీలుతుంది. ఎడమకి తిరిగితే విచారణ సంఘం ఆఫీసుకెళ్లే బస్సు, కుడికి తిరిగితే పెద్దంగడి ఆఫీసుకెళ్లే బస్సు. అతను ఎటు తిరిగాడో చూద్దామని తల బయటికి పెట్టింది.

అప్పటికే వీధి ఖాళీగా ఉంది.